భానోజీరావు షూటింగు

భానోజీరావు సైకిలెక్కితే వెనకాల పదిమంది కెమెరావాళ్ళు పరిగెత్తాల్సిందే. షాటు అయ్యేదాకా క్రాంజీ బస్సులు సైతం ఆగుతాయి, నమ్మకపోతే మీ ఖర్మ! పరాయి దేశంలో, సెరంగూన్ పేట ఫ్లాట్లో ఒంటరిగా ఉండే ఈ సాఫ్ట్‌వేరు మనిషి ఆదివారం పొద్దున్నే ప్యాంటు కాలికి రబ్బరుబ్యాండు చుట్టి, వీడియో కెమెరా మెడలో వేసుకుని ఊరి చివరి క్రాంజీ తోటలవైపు తొక్కుతాడు. చూసినవాళ్ళలో ఒక్కరైనా తోడొస్తారేమోనన్న ఆశతో, మనవాళ్ళ సైకిలు క్లబ్బు సినిమాలు వేసిన సాయంత్రం తన క్యాసెట్టూ పట్టుకెళ్ళాడు. తెరమీద ఖాళీ రోడ్డు. తెర అంచునుంచి వచ్చిన భానోజీ దూరమైపోయి, చుక్కయి, మలుపులో మాయమయ్యాడు. చప్పట్లు మోగాయి. క్లబ్బు పెద్ద శ్యాంసుందర్ వీపు తట్టి, "అదరగొట్టావు గురూ! వచ్చే ఆదివారం నీ కెమెరామన్‌ని మాతో పంపు" అన్నాడు.

భానోజీ క్యాసెట్టు డబ్బాలో పెట్టుకుంటూ చెప్పాడు: "కెమెరామన్ ఎవరూ లేరండీ. రోడ్డు పక్కన స్టాండు మీద కెమెరా పెట్టి తొక్కుతాను. మళ్ళీ వెనక్కెళ్ళి తెచ్చుకుంటాను."