తోక తెగిన మాట

నేను కోతలు కోస్తానని మా స్నేహితుల్లో పేరు. గోరంతను కొండంత చేస్తానని మా ఆయన పెళ్లయిన నాటి నుంచీ అంటున్నాడు. ఒప్పుకుంటాను. కానీ ఇది మాత్రం జరిగింది... జరిగింది జరిగినట్టే చెప్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు. మా పాప మీద ఒట్టేయమని మాత్రం అడక్కండి. ఆ సాయంత్రం తర్వాత ఆ పిల్ల మీద ఒట్టేసే ధైర్యం నాకు లేదు. నా కళ్ల మీద ఒట్టు, చాలా?

అప్పుడు మేం కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉండేవాళ్లం. రెండు వేల పదకొండో, పన్నెండో. మా సాహితి థర్డ్ గ్రేడ్ చదువుతోంది. అత్తయ్యగారు విజయనగరం నుంచి ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. మా ఆయన రఘుకి అప్పుడే కొత్తగా రేడియోల పిచ్చి పట్టింది. చేతిలో పట్టుకుని మాట్లాడే రేడియోలు, జీఎంఆర్ఎస్ అంటారు. కొండల్లోకి వెళ్తే సెల్‌ఫోన్ చచ్చిపోతుంది, ఇవి పనికొస్తాయని రెండు సెకండ్ హ్యాండ్‌వి కొన్నాడు.

దానికి లైసెన్స్ ఉండాలి. పరీక్షేం లేదు, అప్లై చేస్తే చాలు. ఇంట్లో ఒక్కరు తీసుకుంటే భార్య, పిల్లలు, అత్తమామలు, మేనత్తలు, బావమరుదులు అందరూ దాని మీదే మాట్లాడొచ్చట. అది విని అత్తయ్యగారు "ఉమ్మడి కుటుంబం విలువ తెలిసిన గవర్నమెంటే" అని మెచ్చుకున్నారు.

లైసెన్స్‌తో పాటు రఘుకి బోలెడు పద్ధతులు కూడా వచ్చాయి. కొండ మీద రిపీటర్ అని ఒక పెట్టె ఉంటుంది. మన చేతి రేడియోలో మాట్లాడిన మాటను అది పట్టుకుని, అప్పటికప్పుడు గట్టిగా మళ్లీ వినిపిస్తుంది. మనం చెవిలో చెప్తే అది మైకులో చెప్తుందన్నమాట. మధ్యలో కొండ అడ్డమున్నా అవతలివాళ్లకు వినపడుతుంది. కానీ బటన్ నొక్కగానే అది లేవదు. ఒక క్షణం పడుతుంది.

"నొక్కు. మనసులో ఒకటి అనుకో. అప్పుడు మాట్లాడు. అయిపోయాక ఇంకోసారి ఒకటి అనుకో. అప్పుడు వదులు. నువ్వు నొక్కకముందే మొదలెడతావ్, మాట పూర్తవకముందే వదిలేస్తావ్ శైలూ. తలా ఉండదు, తోకా ఉండదు."

నాకు ఆ ఓపిక ఎక్కడిది? నేను ఫోన్‌లో 'ఉంటా' అనేలోపే పెట్టేసే రకం. "నీకు అర్థమైందిగా, చాలు" అనేదాన్ని.

అక్టోబర్ చివర్లో ఒక శనివారం సియెరా కొండల్లో క్యాంపింగ్‌కి వెళ్లాం. సీజన్ అయిపోయింది కాబట్టి మేం నలుగురం తప్ప అక్కడ పురుగు లేదు. టెంట్ వెనక ఒక మిట్ట ఉంది. పొద్దున్నే రఘు అది ఎక్కి, ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని ఒక నిమిషం విన్నాడు. తర్వాత లైసెన్స్‌తో ఇచ్చే గుర్తు, అదే మా కాల్ సైన్, క్యాంప్ పేరు, ఎంతమందిమి ఉన్నామో అన్నీ వరసగా చెప్పాడు. ఆ రిపీటర్ సొంతదారు వాల్ట్ అని డెబ్భై దాటిన పెద్దాయన. రఘు ముందే ఆయనకు ఈమెయిల్ రాసి, వాడుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. ఆయనే జవాబిచ్చారు. చక్కగా వినపడుతోంది, జాగ్రత్తగా ఉండండి, నేను వింటూనే ఉంటాను అని.

"పెళ్లిచూపుల్లో కూడా ఇంత పద్ధతిగా నీ వివరాలు చెప్పలేదు" అన్నాను రఘుతో.

భోజనాలయ్యాక తండ్రీకూతుళ్లు అవతలి కొండ మీదికి బయల్దేరారు. మోకాళ్ల నొప్పులని అత్తయ్యగారు ఆగిపోయారు, ఆవిడకు తోడుగా నేను. వాగు దాకా వెళ్లి సాగనంపాను. వాగు మీద చెక్క వంతెన. కింద నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. రఘు అక్కడ నిలబడి రేడియో నొక్కి చూశాడు. ఏమీ రాలేదు.

"ఈ లోయలో రిపీటర్ అందట్లేదు. నాతో మాట్లాడాలంటే మిట్ట ఎక్కు. వచ్చేటప్పుడు ఈ బ్రిడ్జి మీంచి వస్తే ఇరవై నిమిషాలు. పైన ఫారెస్ట్ రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగొస్తే రెండు గంటలు. చూసి ఎటు రావాలో చెప్పు."

సరేనన్నాను.

నాలుగున్నరకి పై కొండల్లో ఉరిమింది. మా దగ్గర నాలుగు చినుకులు పడ్డాయంతే. చీకటి పడే వేళకి గిన్నెలు కడగడానికి వాగుకు వెళ్తే... ముందు చప్పుడు వినపడింది. లారీలు వరసగా వెళ్తున్నట్టు. నీళ్లు ఎర్రగా, దుంగలు కొట్టుకొస్తూ. నేను చూస్తుండగానే ఒక పెద్ద మాను వచ్చి వంతెనకు తగిలింది. ఫెళ్... మన్నది. ఇవతలి సగం కళ్ల ముందే పోయింది. అవతలి సగం మాత్రం చెక్కుచెదరలేదు. పలకలు పలకలుగా, కమ్మీలతో సహా, అలాగే ఉంది.

చీకట్లో అవతలి నుంచి వచ్చేవాడికి అది వంతెనలాగే కనపడుతుంది.

గిన్నెలు అక్కడే పారేసి మిట్ట మీదికి పరిగెత్తాను. రేడియో తీసి, ఊపిరి అందడం లేదు, గుక్క తిప్పుకోకుండా అరిచాను. "బ్రిడ్జి విరిగిపోయింది రఘూ, బ్రిడ్జి మీంచి రావొద్దు!"

ష్... టక్.

వెంటనే జవాబు వచ్చింది. తాపీగా. పద్ధతిగా. "కాపీ, విన్నాను. బ్రిడ్జి మీంచి రా అన్నావ్. సగం దూరం దిగేశాం, చీకటి పడింది కదా, ఇంకో పావుగంటలో అక్కడుంటాం." ఆ తర్వాత కాల్ సైన్ కూడా చెప్పాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. తల పోయింది, తోక పోయింది. నేను నొక్కకముందే అన్న 'విరిగిపోయింది' గాల్లో పోయింది. తొందరపడి వదిలేసిన 'వద్దు' నా చేతిలోనే ఉండిపోయింది. మధ్యలో మిగిలింది... 'బ్రిడ్జి మీంచి రా'. మన భాషలో కాదనే మాట చిట్టచివర వస్తుంది. ఆ చివరి ముక్కను నేను నా చేత్తోనే కోసేశాను.

మళ్లీ నొక్కాను. టీ... టీ... అని రెండుసార్లు కూసి రేడియో ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేశాను. ఆన్ అయింది. నొక్కాను. ఆరిపోయింది. వినడానికి బ్యాటరీ కొంచెం చాలు, మాట్లాడటానికి ఎక్కువ కావాలి. ముందు రాత్రి ఆఫ్ చేయమని రఘు చెప్తే, 'చేస్తాలే' అని నేను మర్చిపోయాను.

కారు హారన్ కొడదామంటే తాళం రఘు జేబులో. అత్తయ్యగారు ఆయాసపడుతూ మిట్ట ఎక్కి వచ్చారు. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది, వెచ్చగా పెడితే కాస్త ప్రాణం వస్తుందని రఘు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. రేడియో ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకోండత్తయ్యా. నేను వాగు దగ్గరికెళ్తున్నా."

"ఏమైందమ్మా? ఏమైందో చెప్పు!"

"బ్రిడ్జి లేదత్తయ్యా... వాళ్లు వచ్చేస్తున్నారు."

ఆవిడ అక్కడే బండ మీద కూలబడి, రేడియోను చంటిపిల్లలా పొదువుకున్నారు.

వాగు దగ్గర ఏం చేయాలి? చెప్పండి. పెద్ద టార్చ్ రఘు దగ్గర ఉంది. నా దగ్గర ఇంటి తాళాల కీచైన్‌కి వేలాడే బుల్లి లైటు. అది ఊపితే ఏమనుకుంటాడు? దారి చూపిస్తోంది, రమ్మంటోంది అనుకుంటాడు. ఆర్పేశాను. చీకట్లో నిలబడి అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆ నీళ్ల హోరు అలాంటిది.

అప్పుడు కనిపించింది... అవతలి గట్టు మీద, చెట్ల మధ్య, లైటు. ఊగుతూ. దిగుతూ. మాయమై, మళ్లీ కనపడుతూ. లైటు నేలకు వంగి మెల్లగా కదిలే తీరును బట్టి తెలిసింది, పాపను వీపున ఎక్కించుకున్నాడు. దానికి నిద్రొస్తే అలాగే ఎత్తుకుంటాడు.

దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. వంతెన మొదటి పలక మీద వెలుగు పడింది. తడి చెక్క మెరిసింది.

ఒక అడుగు.

రెండు.

మూడు...

నేను 'వద్దు' అన్నాను. అరిచానో, గొణిగానో తెలీదు. మాట బయటికి రాలేదనే అనుకుంటాను.

లైటు ఆగిపోయింది.

ఊగడం మానేసి... అలాగే... గాల్లో నిలబడింది. ఎంతసేపో. తర్వాత మెల్లగా కిందికి వంగింది. పలకల మీదుగా పాకి, పాకి, పలకలు లేని చోటుకి వచ్చింది. అక్కడ సుడులు తిరిగే నీళ్ల మీద పడింది.

ఒక్కో అడుగే వెనక్కి వెళ్లింది. గట్టెక్కింది. చెట్లలోకి, పైకి వెళ్లిపోయింది. నేను బురదలో కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను.

తొమ్మిది దాటాక ఫారెస్ట్ రేంజర్ ట్రక్కు వాళ్లిద్దరినీ చుట్టు తిప్పి తీసుకొచ్చింది. పాప ఎవరిదో పెద్ద కోటులో ఉంది. దాన్ని పట్టుకుని నేను వదల్లేదు. కాసేపటికి రఘు అన్నాడు.

"థాంక్స్ శైలూ. నువ్వు 'వద్దు' అనకపోతే ఇంకో రెండడుగులు వేసేవాణ్ణి."

"ఎప్పుడన్నాను?"

"రేడియోలో. బెల్ట్‌కి ఉంది కదా, గ్రీన్ లైట్ వెలిగింది. ష్... అంది. 'వద్దు' అన్నావ్. ఒక్కటే మాట. మళ్లీ ష్... టక్."

"నా రేడియో చచ్చిపోయింది రఘూ. నేను వాగు దగ్గరున్నాను. నా చేతిలో రేడియోనే లేదు."

ఇద్దరం అత్తయ్యగారి వైపు చూశాం. ఆవిడ ఒళ్లో శాలువా, శాలువాలో రేడియో అలాగే ఉన్నాయి.

"నేనేటీ నొక్కలేదు బాబూ. నాకా బొత్తాలేటి తెలుసు? వద్దు నాయనా, వద్దు నాయనా అని మనసులో అనుకుంటూ కూర్చున్నాను. అంతే."

"గొంతు నాదా, అత్తయ్యగారిదా?" అని రఘును అడిగాను. "నీదే అనుకున్నా. అందుకే ఆగాను. ఇప్పుడు అడిగితే... ఆడగొంతే, అది మాత్రం చెప్పగలను."

"నో నాన్నా" అంది సాహితి నిద్రమత్తులో. "అది తాత వాయిస్. ఓల్డ్ తాత."

మా ఇంట్లో తాతలెవరూ లేరు. అప్పటికే ఇద్దరూ పోయారు.

మర్నాడు వాల్ట్‌గారికి ఫోన్ చేశాను. రేంజర్‌కు చెప్పింది ఆయనే. తెలుగులో ఒక్క ముక్క అర్థం కాలేదట, కానీ ఒక ఆడమనిషి భయపడి అరిచి, తర్వాత రెండుసార్లు నొక్కబోయి ఆగిపోవడం విన్నారట. పొద్దున మేమెక్కడున్నామో రఘు పద్ధతిగా చెప్పాడు కాబట్టి, ఎక్కడికి పంపాలో ఆయనకు తెలిసింది. నేను వెక్కిరించిన ఆ పద్ధతే!

"ఆ తర్వాత ఎవరైనా మాట్లాడారా?" అని అడిగాను.

పది, పదిహేను నిమిషాల తర్వాత రిపీటర్ ఒకసారి లేచిందట. ఎవరో నొక్కారు. మాట లేదు, కాల్ సైన్ లేదు. రెండు సెకన్లు ఊపిరి లాంటి చప్పుడు, అంతే. నా 'వద్దు' ఎలా తెగిపోయిందో చెప్పాను. "మా ఇంగ్లీషులో 'డోంట్' ముందొస్తుంది, కాబట్టి కొత్తవాళ్లు దాన్ని మొదట్లోనే పోగొడతారు. మీరు చివర్లో పోగొట్టారు. ఈసారి ముందూ వెనకా ఒక్క క్షణం ఆగమ్మా" అన్నారు. తిట్టలేదు. మంచి మనిషి.

నేనూ లెక్కలు వేసుకోకపోలేదు. శాలువా వెచ్చదనానికి బ్యాటరీ లేచి ఉండొచ్చు. అత్తయ్యగారి వేలు తెలీకుండా బటన్ మీద పడి ఉండొచ్చు, మనసులో అనుకున్నది పైకే అని ఉండొచ్చు. లోయలో మన మాట పైకి వెళ్లకపోయినా, రిపీటర్ గట్టిది కాబట్టి దాని మాట కిందికి రావచ్చని రఘు అంటాడు. సరే. మరి వాల్ట్‌గారికి ఆ మాట ఎందుకు వినపడలేదు? ఒకే మాట ఒకరికి ఆడగొంతులో, ఒకరికి తాత గొంతులో ఎందుకు వినపడింది? ఎవరైనా ఇంకో తెలుగువాళ్లు ఆ కొండల్లో వింటున్నారా? నాకు తెలీదు. నిజంగా తెలీదు.

సాహితికి ఇప్పుడు కారు నడపడం కూడా వచ్చు. ఆ పిల్ల ఇంటికొచ్చి తలుపు తీసిన ప్రతిసారీ నాకు ఆ లైటు వెనక్కి తిరగడమే గుర్తొస్తుంది. వాల్ట్‌గారికి ప్రతి డిసెంబర్‌లో అరిసెలు పంపుతాను. ఆ రేంజర్‌కి పంపుదామంటే పేరు కూడా అడగలేదు. అత్తయ్యగారి కాళ్లకు దండం పెడితే "నేనేటి చేశానే" అని కాళ్లు వెనక్కి లాక్కుంటారు. ఇంకొకరు మిగిలారు. వాళ్లకెలా చెప్పను?

అందుకే ఏటా అక్టోబర్‌లో అత్తయ్యగారిని కూడా రప్పించుకుని ఆ మిట్ట ఎక్కుతాం. ముందు వింటాను. ఎవరూ మాట్లాడటం లేదని నిర్ధారించుకుంటాను. నొక్కుతాను. ఒకటి... అనుకుంటాను. కాల్ సైన్ చెప్తాను. "మా పాప బాగుందండీ. మీ మేలు మర్చిపోను" అంటాను. ఒకటి... అనుకుంటాను. వదులుతాను.

నేను వదిలేశాక కూడా రిపీటర్ ఇంకో రెండు సెకన్లు తెరిచే ఉంటుంది. ష్... అని ఉంటుంది. ఆ రెండు సెకన్లూ మేం నలుగురం ఊపిరి బిగబట్టి వింటాం.

టక్.

ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. ఆ 'టక్' వినగానే నాకు కొంచెం దిగులేస్తుంది. అత్తయ్యగారు మాత్రం "పోనీలే, వాళ్లకి మనతో వద్దని చెప్పే పని పడలేదన్నమాట" అంటూ శాలువా కప్పుకుంటారు.