తొట్టి గోడ మీది నాచు

మిరప మొక్కను లేత వయసులోనే పూయకుండా ఆపే ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ మీద నా పరిశోధన. సత్తెనపల్లి దగ్గర మా మేనత్త చేలో లేతాకులు కోసుకున్నాక, ఆవిడ నీళ్ల తొట్టి గోడకు పట్టిన నాచు కూడా గీకి డబ్బాలో వేసుకున్నాను.

అత్తయ్య ఫక్కున నవ్వింది. "పువ్వే పూయని నాచుకీ, నా మిరపకీ చుట్టరికమేంటే?"

నాకు ఒళ్లు మండింది. "ఉంది. భూమ్మీద పువ్వన్నదే లేనప్పటి నుంచీ ఆ ఆర్‌ఎన్‌ఏ ఉంది. నాచులో వేరే పని చేస్తుంది. పూలమొక్కలు వచ్చాక పూతకు కాపలా కాసే పనీ దానికే పడింది. చూపిస్తాను చూడు!"

ల్యాబ్‌లో రెండింట్లోనూ దొరికింది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

మళ్లీ వెళ్లేసరికి తొట్టి తళతళలాడుతోంది. ఒక మూల మాత్రం అరచేయంత నాచు అలాగే ఉంది.

"చుట్టమని నువ్వే అన్నావుగా," అంది అత్తయ్య. "చుట్టాన్ని బ్లీచింగ్ పోసి గెంటుతానా?"