పరీక్ష పొద్దున బండిలో తుపాకి

బి.ఏ. పాసయ్యాను! సెకండు క్లాసు! పొద్దున గిద్దలూరు స్టేషన్లో రైలు దిగిన పేపర్ల కట్ట విప్పీ విప్పకముందే ఒకటి లాక్కున్నాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నా నంబరు మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, నమ్మకం చాలక టిక్కెట్ల గుమాస్తాను పిలిచి ఆ నంబరు చదవమన్నాను. ఆయన చదివాడు. నాదే.

"బి.ఏ. పాసైనావు సరే, నీ నంబరు నువ్వు చదువుకోలేవా నాయనా?" అని నవ్వాడు.

అక్కడినుంచి ఒకటే పరుగు, మా అక్క ఇంటికి. అక్క పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. చేతిలో తెడ్డు ఆపితే సంగటి ఉండలు కడుతుంది. అందుకని కెలుకుతూనే ఏడ్చింది.

"అంటే ఏందిరా? ఇంక కలెక్టరువేనా?"

"కాదక్కా."

"మరి ఇంతసేపు ఏడిపిస్తివి గదరా!" అని తెడ్డు నా మీదికి ఎత్తింది.

మా ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. నాయన ఏ కాగితం మీదైనా వేలిముద్రే వేస్తాడు. సాయంత్రం రైలుకు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడినుంచి ఊరికి పోవాలి. అంతదాకా కాలు నిలవడం లేదని అక్క కాగితం, కలం చేతికిచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. రాయడానికి కూర్చుంటే కాలేజీ గుర్తు రావడం లేదు. నాలుగేళ్ళ కిందటి ఒక పొద్దున గుర్తొస్తోంది. ఈ బి.ఏ. ఆ పొద్దున మార్కాపురం బడి ఆవరణలోనే ఆగిపోవాల్సింది.

మా ఊరు నల్లమల కింద. సజ్జ, కొర్ర, చెనక్కాయ వేస్తాం. పంట చేతికొచ్చేదాకా అడవిపందులతో పోరు. అందుకే కాపలాకని మా నాయనకు తుపాకి లైసెన్సు ఉంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, ఇనపచువ్వతో దట్టించి కాల్చే నాటు తుపాకి. ఏడాదికోసారి దాన్ని తాలూకా కచేరీలో చూపించి లైసెన్సు మీద ముద్ర వేయించుకోవాలి. గొట్టం శుభ్రంగా లేకపోయినా, తుపాకి వేరేవాళ్ళ చేతికిచ్చాడని తెలిసినా ముద్ర పడదు. ముద్ర పడకపోతే తుపాకి పోతుంది. తుపాకి పోతే చేను పందులదే.

ఆ ఏడు నా ఎస్.ఎస్.ఎల్.సి. పబ్లిక్ పరీక్ష మొదటి రోజు, కచేరీలో తుపాకి చూపించాల్సిన రోజు ఒకటే అయింది. చదువుకోవడానికిచ్చిన సెలవులకు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. "ఒక బండి, రెండు పనులు" అని నాయన కోడి కూయకముందే ఎడ్లను కట్టాడు. దారి అడవి అంచునే. చిరుతల భయముండేది. అందుకని తుపాకిలో మందు దట్టించే ఉంచాడు.

మార్కాపురంలో అడుగుపెట్టేసరికి బాగా ఎండెక్కింది. పరీక్ష గంటకు ఇంకా కొంచెం టైముంది. బడి ఆవరణలో ఒక పక్క అప్పటికే నాలుగైదు బండ్లు ఆగి ఉన్నాయి. నాయన మా బండినీ అక్కడే నిలిపి ఎడ్లను విప్పాడు. తుపాకిని ఎవరికీ కనబడకుండా బండిలో జొన్నచొప్ప కింద దాచాడు. విప్పిన ఎడ్లను ఆ బండికే కట్టేశాడు. నాకు దోసెలు తేవాలని కాఫీ హోటలుకు పోయాడు.

నాలుగు గంటలు నడిచిన ఎడ్లు. ముందున్నది వాటి మేత. అవి ఏం చేస్తాయి? తిన్నాయి. నాయన దోసెల పొట్లంతో తిరిగి వచ్చేసరికి చొప్ప సగం అయిపోయింది. తుపాకి గొట్టం ఎండలో తళతళ మెరుస్తోంది. చుట్టూ పరీక్షకొచ్చిన పిల్లలు గుంపు కట్టారు. వాళ్ళ వెనక బంట్రోతు. ఆ వెనక హెడ్మాస్టరు గారు.

"ఎవరిదయ్యా ఈ బండి?" అన్నారు ఆయన. ఆయనది గుంటూరు వైపు. కోపమొచ్చినా మర్యాద తప్పేవారు కాదు.

"మాదే సామీ," అన్నాడు నాయన.

"ఇందులో మందు ఉందా?"

"ఉంది సామీ. పొద్దున దట్టించినా. ఇయ్యాల కచేరీలో చూపించాల."

పిల్లలు నాలుగడుగులు వెనక్కి వేశారు. బంట్రోతు ఎనిమిదడుగులు వేశాడు. "పోలీసులకు కబురు చేస్తా సార్!" అని దూరంనుంచి అరిచాడు.

"కాసేపు ఆగు," అని హెడ్మాస్టరు గారు నాయన వైపు తిరిగారు. "ముందు మందు తీసెయ్."

"తీసేది కాదు సామీ ఇది. లోపలికి పోయినాక కాలిస్తేనే బయటికొస్తాది. లాగే కొక్కెం ఇంటికాడుంది."

"ఇక్కడ కాలుస్తావా?"

"అదే నేనూ ఆలోచిస్తాండా."

బండ్లు ఎక్కడ నిలపాలో బడిలో రూలుంది. ఎడ్ల పేడ ఎవరెత్తాలో కూడా రూలుంది. బండిలో తుపాకి గురించి మాత్రం లేదు. హెడ్మాస్టరు గారు మా బండి నొగ మీద కూర్చున్నారు. దట్టించిన తుపాకి ఆవరణలో ఉండగా ఒక్క పిల్లవాణ్ణి కూడా హాల్లోకి పంపనన్నారు. అట్లాగే బజారు మధ్యనుంచి ఊరి బయటికి తీసుకుపోనివ్వనూ అన్నారు. మొదటి గంట కొట్టడానికి పావుగంట కూడా లేదు.

నాకు ఏడుపొచ్చింది. "నాయనా, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోదాం. వచ్చే ఏడు రాస్తా," అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు నాయన. తుపాకి మీట కిందనుంచి, నిప్పు పుట్టించే చిన్న రాగిటోపీని తీసి హెడ్మాస్టరు గారి అరచేతిలో పెట్టాడు. తర్వాత వరండాలో పిల్లలు తాగే నీళ్ళ కుండ దగ్గరికి పోయి, ముంతతో నీళ్ళు ముంచుకొచ్చి, గొట్టం మూతిలో పోశాడు. ఒక ముంత. ఇంకో ముంత. మూతి దాకా నిండి నీళ్ళు పొర్లాయి.

"తడిసిన మందు ఇంక పేలదు సామీ. పిల్లోళ్ళను పోనీండి."

"మరి ఇవాళ కచేరీలో చూపించాలన్నావే?"

"చూపిస్తా. వాళ్ళేమంటే అది."

నేను హాల్లోకి పోయి కూర్చున్నాను. ఇంగ్లీషు పేపరు. మొదటి ప్రశ్న మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. కిటికీలోంచి నాయన బండి తోలుకుని గేటు బయటికి పోవడం కనిపించింది. గొట్టంలోంచి నీళ్ళు కారుతూ, తుపాకి ఆయన భుజం మీద తలకిందులుగా ఉంది. నాకోసం చేను వదులుకుని పోతున్నట్టు అనిపించింది. అప్పుడు కలం కదిలింది. నా మీద కోపంతో రాశానో, చేను పోతుందన్న భయంతో రాశానో ఇప్పటికీ చెప్పలేను గానీ చేయి నొప్పి పుట్టేదాకా రాశాను.

మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి నాయన గేటు ఎదురుగా చింతచెట్టు నీడలో ఉన్నాడు. కమ్మరి దగ్గరికి పోయి తడిమందు లాగించుకొచ్చాడట. కాఫీ హోటలువాళ్ళను అడిగి వేడినీళ్ళతో గొట్టం కడిగి, ఎండబెట్టి, కొబ్బరినూనె పట్టించాడట. హెడ్మాస్టరు గారు ఒక చీటీ రాసిచ్చారు. 'పిల్లల క్షేమం కోసం నా ఎదుట ఇతనే తుపాకిలో నీళ్ళు పోశాడు' అని ఉంది అందులో. ఇద్దరం కచేరీకి పోయాం.

గుమాస్తా గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. తర్వాత వాసన చూశాడు.

"ఏందయ్యా, తుపాకికి తలంటు పోసినావా?"

నాయన చీటీ ఇచ్చాడు. గుమాస్తా చదివి, ఇంకోసారి గొట్టంలోకి చూసి, మొహం చిట్లించి, ముద్ర గుద్దాడు. ఆ చప్పుడుకు నాయన ఉలిక్కిపడ్డాడు.

మర్నాటికి బడి గేటుకు కొత్త రూలు అంటించారు. ఆవరణలో నిలిపే బండ్లలో, జట్కాల్లో, మోటార్లలో తుపాకి గానీ మందుగుండు గానీ ఉంచరాదు. నాయనకు చదివి వినిపించాను. ఆయన నేరుగా హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయాడు.

"సామీ, బండి తోలేవాళ్ళకు చదువొచ్చా? గేటుకు అంటిస్తే ఎట్ల? ఇంకోటి. తుపాకి ఉన్నోడు దాన్నేం జేయాల? ఎవరికీ ఇయ్యకూడదాయె, రోడ్డు మీద పారేయలేడాయె."

"నువ్వే చెప్పు."

"గేటు బయట చెట్టుకింద తుపాకితో పాటు వాడూ కూర్చోవాల. పరీక్ష అయిపోయేదాకా లేయగూడదు. మందుంటే ఊళ్ళోకి రాకముందే తీసేయాల."

హెడ్మాస్టరు గారు కలం తీసి ఆ మాటలే రూలు కింద రాశారు. "రూలు నీది కాబట్టి చెప్పే పని కూడా నీదే," అన్నారు. మిగిలిన పరీక్ష రోజులన్నీ నాయన మార్కాపురంలోనే ఉండి, పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ప్రతి బండినీ ఆపాడు.

"మామా, చొప్ప కింద ఏముంది?"

"చొప్ప కింద చొప్పే అల్లుడా. నీ ఎడ్లకున్నంత ఆకలి నా ఎడ్లకు లేదులే!"

మూడోరోజు నిజంగానే ఒక బండిలో తుపాకి దొరికింది. మాలాగే కొండ కింది ఊరివాళ్ళది. ఆ ముసలాయన ఒక్కసారి గొణిగి, రూలు ప్రకారం చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఒక్కడే ఉంటే తోచదని నాయన ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆయన మనవడు నా వెనక బెంచీలో నిశ్చింతగా పరీక్ష రాశాడు.

అక్క పిలుస్తోంది, రైలుకు టైమవుతోందట. కబురు అందాల్సినవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు. దారిలో రాయడానికి కార్డులు కొన్నాను.

హెడ్మాస్టరు గారు. బదిలీ అయి ఏ ఊళ్ళో ఉన్నారో మార్కాపురంలో అడగాలి. ఈయనకు కార్డు చాలదు, కవరే.

బంట్రోతు. గేటు దగ్గరే దొరుకుతాడు, దూరంనుంచే అరిచి చెప్పాలి.

కచేరీ గుమాస్తా. నన్ను మరిచిపోయి ఉంటాడు, తలంటు తుపాకి అంటే గుర్తుపడతాడు.

కమ్మరి.

చెట్టుకింద కూర్చున్న ముసలాయన, ఆయన మనవడు. ఊరు పేరు నాయననే అడగాలి.

అమ్మ. నాయన. వాళ్ళకు కార్డు రాయను, నేనే పోయి చెప్తాను.