క్రాకోవ్‌లో నా కొత్త బూట్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో కోపం నా ముక్కు మీదే కాపురముండేది. లోకంలో అందరికీ మర్యాద నేర్పే భారం నాదే అనుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే బెంగళూరు కంపెనీవాళ్లు శిక్షణకని నన్ను పోలండ్ పంపారు. క్రాకోవ్ అనే పాత రాజుల ఊరు చూడ్డానికి దొరికింది ఒక్క ఆదివారం. బయల్దేరే ముందు, పెనుకొండ చర్చిలో సంఘపెద్ద అయిన మా నాయన నన్ను హిందూపురం తీసుకెళ్లి, అంగడి అంగడీ తిరిగి నల్ల బూట్లు కొనిపెట్టాడు. "ఆడ పెద్ద చర్చి ముందర నిలబడి, బూట్లు కనపడేటట్లు ఒగ ఫోటో దించుకోరా. సంఘంలో అందరికీ చూపించల్ల," అన్నాడు.

నాతో వచ్చినవాడు ధర్మవరం నేతగాళ్ల పిల్లవాడు. ఆఫీసులో అందరం 'జరీ' అనేవాళ్లం. కోట చూసి, రాతి వీధులు తిరిగి, చర్చి చేరాం. మా ఊరి అలవాటు ప్రకారం వాకిట్లో బూట్లు విడిచాను. జరీ మాత్రం ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క విడిచాడు (గుడి దగ్గర చెప్పుల దొంగలకు ధర్మవరంవాళ్లు కనిపెట్టిన మందు).

"ఏమప్పా, దేవుని ఇంటి ముందర ఇంత అనుమానమా?" అని మందలించాను.

"దేవుని మీద అనుమానం లేదబ్బా. చెప్పులకు కాపలా ఉండేది ఆయప్ప పని కాదు గదా," అన్నాడు.

లోపలికి పోయి చూస్తే నా ఒళ్లు మండింది. అందరూ మంచు తొక్కిన బూట్లతోనే టకటకా నడుస్తున్నారు. పైగా ఒక ముసలామె నా మేజోళ్ల వైపు జాలిగా చూసింది. నా మీద జాలేమిటి? ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోవాలి? రాతినేల చలికి కాళ్లు కొంకర్లు పోతున్నా పంతంగా మోకరించాను. ప్రార్థనలో సగం వాళ్ల మీద ఫిర్యాదే.

బయటికొస్తే నా బూట్లు లేవు. జరీవి రెండూ రెండు పక్కలా భద్రంగా ఉన్నాయి.

"బూట్లేసుకొని లోపలికి పోయేది వీళ్లు, పోగొట్టుకునేది నేనా? ఇదేం న్యాయమప్పా?" అని మేజోళ్లతో వీధిలో నిలబడి అరిచాను. జరీ తన గోధుమరంగు బూట్లు తెచ్చి నా ముందర పెట్టాడు. "ముందు ఫోటో దించుకో. తిట్టేది ఆనక తిట్టుకుందువు."

అవి నాకు బాగా పెద్దవి. వాడు మంచులో వట్టి మేజోళ్లతో నిలబడి ఫోటో తీశాడు.

ఫోటో ఇంటికి పంపితే నాయన దాన్ని పటం కట్టించాడు. నేను ఇంటికొచ్చిన రోజు దాని ముందర నిలబడి, "ఆ దేశంలో చలికి బూట్లు గూడా రంగు మారతాయేమిరా?" అన్నాడు.

ఇప్పుడు ఆ కోపమూ లేదు, ఆ పంతమూ లేదు. తలచుకుంటే నవ్వొస్తుంది. ఆదివారం చర్చికి పోతే ఒక చెప్పు ఈ పక్క, ఒక చెప్పు ఆ పక్క విడుస్తాను. నాయన అది చూస్తాడు. సంఘంలో ఎవరూ చూడకుండా, తన చెప్పుల్లో ఒకదాన్ని కాలితో మెల్లగా అటు పక్కకు తోస్తాడు.