పొట్ట దగ్గరే నలిగే చొక్కాలు

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడకు ఎప్పుడూ చలే. స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగినా థర్మామీటరు తొంభై ఆరు దాటదు. మధ్యాహ్నానికల్లా తోటకూర కాడలా వేలాడిపోతుంది. థైరాయిడ్ పరీక్ష మాత్రం మూడుసార్లూ నార్మలే. "నీది వట్టి బద్ధకమే తల్లీ, రిపోర్టే చెప్తోంది" అంటుంది కొట్టు నడిపే వదిన. నిజమేనేమోనని ఆవిడకూ లోలోపల అనుమానమే. ఈమధ్య ఇస్త్రీ చొక్కాలు సరిగ్గా పొట్ట దగ్గరే నలిగి వస్తున్నాయని ఖాతాదార్ల గోల. "ఇంకొక్కటి నలిగిందా, వేరే మనిషిని పెట్టుకుంటా" అని వదిన హెచ్చరించింది కూడా. సంగతేమిటో తేల్చుకుందామని ఓ మధ్యాహ్నం పిల్లిలా వెనకగదిలోకి వచ్చి చూస్తే, అప్పుడే రుద్దిన వేడి చొక్కాల దొంతరను చంటిపిల్లలా పొట్టకు హత్తుకుని ఆడపడుచు కునుకు తీస్తోంది.

రెక్క పట్టి లేపబోయిన వదిన ఉలిక్కిపడి వదిలేసింది. మళ్ళీ పట్టుకుని చూసింది. "ఇదేంటే, కుండలో నీళ్ళలా ఉన్నావు!"

"అదే కదా వదినా, ఏడాదిగా చెప్తున్నాను."

వదిన ఇంట్లోంచి పాత దుప్పటి తెచ్చి, ఇస్త్రీపెట్టెతో కసిగా రుద్ది, మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పడేసింది.

"ఎవరిది వదినా?"

"నీదే. ఎంత నలిపినా అడిగేవాళ్ళు లేరు. చల్లారితే చెప్పు, మళ్ళీ రుద్దుతా."