గని లోపలికి దిగిన సాయంత్రపు ఎండ

మా ఫోటోగ్రఫీ క్లబ్బుకు సొంత గది ఎప్పుడూ లేదు. గోదావరిఖనిలో గ్రంథాలయం వెనుక, పాత పత్రికల కట్టలు పేర్చిన హాలులో నెలకో ఆదివారం కూర్చునేవాళ్లం. ఆ హాలు నాకు క్లబ్బు కంటే ముందే తెలుసు. పదో తరగతితో నా చదువు ఆగింది. నాన్న ఉద్యోగం నాకు వచ్చి గనిలోకి దిగినప్పటి నుంచి డ్యూటీ లేని ప్రతి పూటా ఆ గ్రంథాలయంలోనే గడిపాను. కటకం వెలుతురును ఎలా వంచుతుందో, వెండి లవణం మీద ఎండ పడితే ఏమవుతుందో బడిలో నాకెవరూ చెప్పలేదు. అక్కడి బీరువాల్లోంచి నేనే తెచ్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

క్లబ్బులో ఎక్కువమందిమి గని కార్మికులం. మార్కెట్ దగ్గర స్టూడియో నడిపే ఒకాయన ఉండేవాడు, అందరం ఆయనను అన్న అనేవాళ్లం. ఫోటోలన్నీ ఆయనే కడిగి ఇచ్చేవాడు. మిషన్ బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఒకామె ఉండేది. మాలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మాకందరికీ ఒకటే నియమం: బల్ల మీద ఫోటో పెట్టినవాళ్లు నోరు మెదపకూడదు. చూసినవాళ్లే మాట్లాడాలి. వాళ్ల మాటలన్నీ అయిపోయాకే తీసినవాళ్లు నోరు విప్పాలి. ఆ కాసేపు టీచరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితం చదువుతున్నప్పుడు పిల్లలు కూర్చున్నట్టు కూర్చునేది.

మేము గని మనుషులం గానీ మా దగ్గర గని లోపలి ఫోటో ఒక్కటీ లేదు. లోపల మండే వాయువు ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే అగ్గిపెట్టె, బీడీ, కెమెరా అన్నీ గని నోటి దగ్గరే ఆగిపోతాయి. సగం జీవితం గడిపే చోటును మేము ఎవరికీ చూపించలేకపోయేవాళ్లం.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఆ ఆదివారాలు ఆగిపోయాయి. పొద్దస్తమానం టీవీలో మాస్కులు కట్టుకున్న ముఖాలే. హాలులో గుంపుగా కూర్చోవద్దని గ్రంథాలయం వాళ్లు చెప్పేశారు. ఫోన్లో మాట్లాడుకుందామని చూశాం. "ఫోటో నీ చేతుల, చెవు నా దగ్గర. ఏం జూడాలె నేను?" అన్నాడు స్టూడియో అన్న. ఆయనకు బేరాలూ తగ్గాయి. "మొన్నొకడొచ్చి మాస్కుతోనే దింపుమన్నడు. నిన్నెవరు గుర్తుపడుతరుర అంటే, నేను గుర్తుపడుత గదన్నా అంటడు" అని చెప్పి నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు ఉండలేదు. టీచరమ్మ కెమెరా అమ్మేస్తానందని ఆ రోజే చెప్పాడు.

ఆమె వాళ్ల నాన్న మా కంపెనీలోనే పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు ధూళి ఆయన ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. ఈ జ్వరం ఆయనకు తగిలితే కష్టమని దవాఖానలో గట్టిగా చెప్పారు. దాంతో ఆమె బడి, ఇల్లు తప్ప మూడో చోటుకు పోవడం మానేసింది. క్వార్టర్ గేటుకు తాళం. నేనూ స్టూడియో అన్నా వెళ్లి గేటు ఇవతల నిలబడ్డాం. ఆమె ముక్కుకు చున్నీ కట్టుకుని అరుగు మీద నిలబడింది.

"నిజంగనే అమ్ముతున్నరా టీచరమ్మా?" అన్నాను.

"చూసెటోళ్లు లేనప్పుడు తీసుడెందుకు తమ్మీ? గీ ఇంట్ల నాకు దొరికేది ఎండ ఒక్కటే. గోడ మీది ఎండ, బండల మీది ఎండ. అవ్వే తీసిన. ఎవరికి చూపియ్యాలె? మా నాయనకు చూపెడితె, గిది మన గోడనే గద బిడ్డా అంటడు."

లోపలి నుంచి దగ్గు, దాని వెనకాలే గొంతు వచ్చాయి. "మన గోడనే మరి. అబద్ధమాడమంటవా?"

పెద్దపల్లిలో ఒకాయన కొనడానికి ఒప్పుకున్నాడట, నెలాఖరు ఆదివారం వస్తాడట. ఆ కెమెరా ఆమె మొదటి జీతాల్లోంచి కూడబెట్టి కొనుక్కున్నది. అమ్మితే మళ్లీ కొనదని మా ఇద్దరికీ తెలుసు. ఆ ఆదివారం లోపల ఆమె ఫోటోలను నలుగురు చూడాలి, చూసి ఏదో ఒకటి అనాలి. మాకున్న దారి అదొక్కటే.

సంచి ఆలోచన మాకు షిఫ్టుల నుంచే వచ్చింది. మనుషులు కలుసుకోకపోయినా గని నడుస్తుంది కదా, ఒకడు పైకొస్తాడు, ఒకడు దిగుతాడు. అట్లాగే ఫోటోలు చేతులు మారాలి అనుకున్నాం. టీచరమ్మ తీసినవి గేటు మీది నుంచి అడిగి తెచ్చుకున్నాం. అందరి ఫోటోలూ అట్టల మధ్య పెట్టి ఒక గుడ్డ సంచిలో వేశాం. షిఫ్టు దిగినవాడు సంచిని ల్యాంపు రూములో, అంటే టోపీ దీపాలు ఇచ్చే గదిలో, తర్వాతి షిఫ్టువాడికి అందిస్తాడు. వాడు దాన్ని అక్కడి అరలో పెట్టి లోపలికి పోయి, పైకొచ్చాక ఇంటికి తీసుకెళ్లాలి. రోగం అంటకుండా ఒక పగలంతా మిద్దె మీద ఎండలో ఆరబెట్టి, తర్వాత చూసి, తనకు తోచింది గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చేర్చాలి. సంచిని మా కాక భార్య కుట్టింది. కాక అంటే నా షిఫ్టులోనే కప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టే పెద్దమనిషి, క్లబ్బులో అందరికన్నా పాత సభ్యుడు. ఆయన రొట్టెల సంచి కుట్టిన పాత ప్యాంటు గుడ్డలోనే మిగిలిన ముక్కతో కుట్టింది.

పొరపాటు అక్కడే జరిగింది. ల్యాంపు రూము కిటికీ దగ్గర మా చేతులు మమ్మల్ని అడగవు. దీపం టోపీకి, బ్యాటరీ నడుముకు, విషవాయువు కమ్మితే ఊపిరి నిలిపే డబ్బా పక్కకు, రొట్టెల సంచి భుజానికి. ఇన్నేళ్లుగా రోజూ చేసినదే. ఆ రోజు మాది రెండో షిఫ్టు. కాక ఫోటోల సంచి అందుకున్నాడు, రెండు సంచుల్లో ఒకటి అరలో పెట్టాడు, ఒకటి భుజాన వేసుకున్నాడు. అట్టలైనా రొట్టెలైనా చేతికి తగిలేది బల్లపరుపే. గని నోటి దగ్గర తనిఖీ చేసే మనిషి పైనుంచి తడిమి పొమ్మన్నాడు.

తినే వేళకు మేము సొరంగాలు కలిసే ఒక కూడలి దగ్గర కూర్చున్నాం. కాక సంచి విప్పి అట్లాగే ఉండిపోయాడు.

"ఏందే కాకా, కూర మర్చిపోయిందా చిన్నమ్మ?" అన్నాడు పట్టాల మీద బొగ్గు టబ్బులు నెట్టే ఆయన.

"కూర గాదు, రొట్టెలే లెవ్వు. రొట్టెలు పైన ఉన్నయి. ఫోటోలు కిందికొచ్చినయి!"

అందరూ ఒక్కసారి నవ్వారు. "తినరాదు మరి! టీచరమ్మ చేతి వంట!" అన్నారు. తలా ఒక రొట్టె ముక్క కాకకు పెట్టారు. తర్వాత ఒకరెవరో, "ఎట్లాగు దిగినయి గదా, చూపియ్యరాదే" అన్నారు.

కాక సంచిని తన వైపు లాక్కున్నాడు. "చేతులు తుడుసుకోండ్రి ముందు!"

"దేనికి తుడుసుకోవాలె? అంగీ చేతికంటె నల్లగున్నది."

నేను అట్టలు విప్పాను. మంటలు పాకకుండా గని గోడలకు తెల్లటి రాతిపొడి చల్లుతారు. ఆ కూడలి గోడ కొత్తగా చల్లినట్టుంది. కాక అడుగున ఒక దుంగ పరిచాడు. నేను ఫోటోలను దాని మీద, తెల్లటి గోడకు ఆనించి, వరసగా నిలబెట్టాను. ఒక్కొక్కరూ తల తిప్పారు. ఇన్నేళ్లలో మా టోపీ దీపాలు చూసింది కప్పు పగుళ్లను, దుంగలను, కాళ్ల కింది పట్టాలను. ఇప్పుడు ఆ దీపాల వెలుగులన్నీ ఒకచోట కలిశాయి, ఆ కలిసిన చోట టీచరమ్మ ఇంటి గోడ మీది ఎండ లేచి నిలబడింది.

ఆ ఫోటోలో ఏమీ లేదు. సున్నం వేసిన గోడ, దాని మీద ఏటవాలుగా పడ్డ పసుపు వెలుతురు, అందులో జామ ఆకుల నీడలు. నేను దాన్ని స్టూడియోలో చూశాను, బాగుందనుకుని పక్కన పెట్టాను. అక్కడ నేను చూసింది ఇది కాదు.

"ఎన్ని గంటల ఎండనే గిది?" అన్నాడు టబ్బుల ఆయన. గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

"ఐదు దాటి ఉంటది. నీడ గంత పొడుగున్నది సూడు," అన్నాడు కాక.

"అంటే ఇప్పుడు పైన గిట్లనే ఉంటదా?"

"గిట్లనే."

రెండో షిఫ్టు వాళ్లం మధ్యాహ్నపు ఎండలో దిగుతాం, చీకటి పడ్డాక ఎక్కుతాం. ఆ వారమంతా మాకు సాయంత్రం అనేది ఉండదు. దాన్ని పోగొట్టుకున్నామని కూడా ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అందరూ గొంతుక్కూర్చుని, ముందుకు వంగి చూస్తున్నారు. ఒకాయన వేలితో ఆకు నీడ అంచు వెంట గీశాడు. "మా అవ్వ గీ పొద్దుల్నే చాట పట్టుకొని వాకిట్ల కూసుంటుండె," అన్నాడు. ఇంకొకాయన ఆ ఫోటో తీసుకుని పక్కవాడికి ఇవ్వడానికి చాలాసేపు ఒప్పుకోలేదు.

బొగ్గు అంటే కోట్ల ఏళ్ల కింద అడవుల మీద పడ్డ ఎండేనని నేను గ్రంథాలయంలో చదివాను. ఆకులు తాగిన ఎండ భూమిలో కూరుకుపోయి నల్లబడిందట. చదివినప్పుడు అదొక సమాచారం. ఆ కూడలిలో, ఒక పక్క నల్లటి బొగ్గు పొర, ఇంకో పక్క నిన్నమొన్నటి ఆకుల మీది ఎండ. ఆ రెంటి మధ్య నేను కూర్చుని ఉన్నాను.

అప్పుడే సర్దార్, అంటే మా షిఫ్టులో భద్రత చూసే ఆయన, వచ్చాడు. ఇన్ని దీపాలు ఒకచోట చూసి గాబరాగా నడిచాడు.

"ఏమైందిర? గుంపేంది? కెమెరా ఏమన్న దెచ్చిండ్రా?"

"కెమెరా గాదు సార్, కాయితాలే."

"పైన పదిమంది కూడద్దని మొత్తుకుంటున్నరు. మీరు కింద ఎగ్జిబిషన్ పెడుతరా?"

"పైన కూడితె రోగమట సార్, కింద కూడితె డ్యూటీయట," అన్నాడు టబ్బుల ఆయన.

సర్దార్ నవ్వు ఆపుకుని దీపం ఫోటోల మీదికి తిప్పాడు. తిప్పి, తీయలేదు. కాసేపటికి "జల్ది కానియ్యండ్రి," అన్నాడు గానీ తనూ మా పక్కనే కూర్చున్నాడు.

పైకొచ్చాక చూస్తే ఫోటోల తెల్లటి అంచుల నిండా నల్లటి వేళ్ల గుర్తులు. మర్నాడు స్టూడియోలో అన్న తల పట్టుకున్నాడు. "ఆమె మనసు మారుస్తమంటిరి గదా కాకా! గిదేనా మార్చుడు? తడి దూదితోని తుడుస్త, ఇటియ్యి." తుడిస్తే కొంత పోతుంది, కానీ ఎండ పడ్డ భాగమూ మసకబారవచ్చు. అయినా టైము లేదు. నెలాఖరు ఆదివారం వచ్చేసింది. ఉన్నవి ఉన్నట్టే మా మిద్దె మీద ఆరబెట్టి పట్టుకుపోయాను.

సంచి గేటు మీద పెట్టి వెనక్కి జరిగాను. టీచరమ్మ తీసి చూసింది. ఆమె ముఖం చూడలేక నేను నేల చూశాను.

"గిదేంది తమ్మీ?"

జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. రొట్టెలు, రాతిపొడి గోడ, దీపాలు. ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పాను. ఆమె ఒక్క మాట అడ్డం రాలేదు. నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది: ఆమె మా నియమం పాటిస్తోంది. గేటు అవతల, ముక్కుకు చున్నీతో, రెండు చేతులతో ఫోటోలు పట్టుకుని.

"అయిపోయింది," అన్నాను.

అప్పుడు అడిగింది. "గోడ మీది ఎండకు ఇన్ని మరకలెందుకు? మిగిలినయి గింత కాలే."

"అది మారినన్ని చేతులు ఇంకేదీ మారలే టీచరమ్మా."

వాళ్ల నాన్న తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని తలుపు దాకా వచ్చి, "ఇటు దే" అన్నాడు. ఫోటోను చూడలేదు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మన గోడ కిందికి వోయొచ్చింది," అన్నాడు కూతురితో, పక్కింటివాళ్లు కాశీకి పోయొచ్చారని చెప్పినంత మర్యాదగా.

టీచరమ్మ కళ్లు తుడుచుకోలేదు. "తమ్మీ, మొదటి షిఫ్టోళ్లకు ఏ ఎండ దొరకదు?" అంది.

"మధ్యాహ్నం."

"రాత్రి షిఫ్టోళ్లు?"

"పొద్దుగాల ఇంటికొచ్చి పండుకుంటరు. వాళ్లకు పొద్దటి ఎండ తెల్వది."

ఆమె తలూపింది. అంతలో వీధి మలుపులో బండి చప్పుడైంది. పెద్దపల్లి ఆయన, మాస్కు, చేతిలో ఖాళీ బ్యాగు.

"కెమెరా చూపిస్తరా మేడం?"

"రీలు నడుమల ఉన్నది," అంది ఆమె.

"ఫర్వాలే, అయినంత వరకు తీసిచ్చెయ్యండ్రి. నేను ఆగుత."

"ఎన్ని నెలలు ఆగుతరు?"

ఆయన నా వైపు చూశాడు. నేను సంచి వైపు చూశాను. కాసేపు నిలబడి, ఏదో గొణిగి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె లోపలికి పోయి స్టీలు గంగాళంలో నీళ్లు తెచ్చి అరుగు అంచున, ఎండ తగిలేలా పెట్టింది. నీళ్ల మీద పడ్డ వెలుతురు పైకి లేచి, అరుగు కప్పు మీద చిన్న చిన్న వలయాలుగా వణకసాగింది. వాళ్ల నాన్న కుర్చీలో తల వెనక్కి వాల్చి దాన్నే చూస్తున్నాడు. ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని కెమెరా కంటికి ఆనించింది. నీళ్లు కుదురుకుంటున్నాయి, వలయాలు మెల్లగా పెద్దవవుతున్నాయి. ఆమె ఇంకా నొక్కలేదు. గేటు పట్టుకుని నేను కూడా ఊపిరి బిగపట్టాను.