మూత ఆయన దగ్గరే ఉంది

మా బావ పోయాడు. ఆ మాట చెప్పడానికి పాలమూరు నుంచి మా అక్క మనుమడు పొద్దున మొదటి బస్సుకే నల్లగొండ వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి, "తాత పోయిండు చిన్నవ్వా, నిద్రల్నే పోయిండు" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా చూపు కిటికీ మీదికి పోయింది. అక్కడ హంసల బొమ్మ ఉన్న బిస్కెట్ డబ్బా ఒకటి మూత లేకుండా ఉంది. దాని మూత బావ దగ్గరే ఉండిపోయింది. చావు కబురు విన్న మనిషికి డబ్బా మూత గుర్తుకు రావడమేమిటని మీరు అనుకోవచ్చు. బావ సంగతి తెలిస్తే అనుకోరు.

నిద్రలో పోయాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ మనిషి కుదురుగా పడుకొని ఉండగా నేను చూసింది తక్కువ. ఆయనకు కూర్చోవడమే కష్టం. అన్నం పళ్ళెం చేతిలో పట్టుకొని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. ఆదివారం గుడికి పోతే వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. పాదిరిగారి ప్రసంగం సాగేకొద్దీ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉండేవాడు. "నీ కాళ్ళకు గిర్రలున్నయా" అని మా అక్క కసిరితే, "ఉంటె బస్సు కిరాయి మిగులుగద" అనేవాడు. నవ్వేవాడు కాదు, నిజంగానే ఆ కిరాయి గురించి విచారించేవాడు.

నిజాం పాలన చివరి కాలంలో బావ పాలమూరులో ఒక మిషన్ దవాఖాన డాక్టరమ్మ బంగ్లాలో బట్లరు. బట్లరంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు, వంటమనిషి. అదే దవాఖానలో నేను నర్సుపని చేస్తూ అక్కా బావల దగ్గరే ఉండేదాన్ని. మా రెండు కుటుంబాలకూ గుంటెడు భూమి లేదు. పెద్దలంతా ఒకరి చేలల్లో కూలి చేసి బతికినవాళ్ళు, మా ఇళ్ళల్లో ఉన్నవి మట్టికుండలు. అటువంటి ఇంట్లోకి బావ బంగ్లా వంటగది నుంచి ఖాళీ రేకు డబ్బాలు తేవడం మొదలుపెట్టాడు. బిస్కెట్లవి, చాయపత్తివి, పాలపొడివి. వాటి మీద ఓడలు, గులాబీలు, టోపీలు పెట్టుకున్న దొరసానులు. ఉప్పుకొకటి, కారానికొకటి దొరికిందని అక్క సంబరపడింది. బావ ఒక్కదాన్నీ ముట్టనియ్యలేదు. "నింపితే గది డబ్బా. ఖాళీగుంటేనే బొమ్మ" అని, గోడకు పలక కొట్టి వరసగా పెట్టాడు. మా ఇంట్లో ఉప్పు కుండలోనే ఉండిపోయింది. దాని మీద వాళ్ళిద్దరికీ నడిచిన పంచాయితీలు తీర్చలేక నాకు తల ప్రాణం తోకకు వచ్చేది.

ఇటువంటి పిచ్చి ఒక్క బావకే అనుకున్నాను. కాదు. నారాయణపేటలో చీరలు నేసే ఆయన ఒకాయన ఉన్నాడు, కొల్లాపురంలో దొరల వంటశాలలో పనిచేసే ఆయన ఇంకొకాయన. చీరల మూట మోసుకొని దవాఖాన మీదుగా పోతూ నారాయణపేటాయన మా గోడ మీది పలక చూశాడు. మూట కింద పడేసి, ఒక చాయపత్తి డబ్బా అందుకొని ఎండలోకి పోయి తిప్పి తిప్పి చూశాడు. ఆ ఎరుపు తన మగ్గం మీద ఎందుకు పడదని బావను అడిగాడు. బావకు మగ్గం సంగతేం తెలుసు. అయినా ఇద్దరూ పొద్దుగూకేదాకా ఆ ఎరుపు గురించే మాట్లాడుకున్నారు. చీరలు కొందామని వచ్చిన డాక్టరమ్మ చూసి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళ దోస్తీకి ఒక కట్టుబాటు ఉండేది, అది నారాయణపేటాయన పెట్టిందే. ఒకరి డబ్బా ఇంకొకరికి ఇస్తే మూత ఇవ్వకూడదు. మూత ఇచ్చినవాడి ఇంట్లోనే ఉండాలి. తీసుకున్నవాడు మళ్ళీ ఆ ఇంటికి పోయి, అక్కడ అన్నం తిని, అప్పుడు మూత తెచ్చుకోవాలి. తెచ్చుకునేటప్పుడు ఎట్లాగూ ఇంకో డబ్బా చేతిలో పడుతుంది, దాని మూత మళ్ళీ అక్కడే. అట్లా ఎవరి పలక మీద చూసినా కొన్ని డబ్బాలు నోరు తెరుచుకొని ఉండేవి. అవి చూసినప్పుడల్లా బావకు అరికాళ్ళు దురద పెట్టేవి. "కొల్లాపురంల మూతున్నది మరదలా, పోకుంటె ఎట్ల" అనేవాడు, అక్కడేదో కోర్టు వాయిదా ఉన్నట్టు.

ఎండాకాలం డాక్టరమ్మ చల్లటి కొండలకు పోయేది. బంగ్లా తాళం పడిన మరునాడు బావ మోటరు అడ్డాలో ఉండేవాడు, ఒక్కోసారి అక్కా నేనూ వెంట ఉండేవాళ్ళం. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకక బస్సులు బొగ్గులతో నడిచేవి. వెనక ఒక పొయ్యి, దానికి గాలి కొట్టడానికి ఒక మనిషి. ఎత్తు వస్తే అందరం దిగి నెట్టాలి. బస్సు ఆగితే మిగతావాళ్ళు చెట్ల నీడకు పోయేవాళ్ళు, బావ మాత్రం పొయ్యి దగ్గరికి పోయి, తనూ వంటవాడే కాబట్టి, నిప్పు ఎట్లా రాజెయ్యాలో డ్రైవరుకు చెప్పేవాడు. డ్రైవరు రెండుసార్లు ఓర్చుకునేవాడు. మూడోసారి, నీ డబ్బాల మూట దింపుతా అనేవాడు. అప్పుడు బావ వచ్చి మా పక్కన నిలబడేవాడు.

ఒక ఏడు ముగ్గురు దోస్తులూ కలిసి కర్నూలు పోదామన్నారు. తుంగభద్ర దాటితే ఇంగ్లీషువాళ్ళ ఇలాకా, అక్కడ పాత సామాన్ల దుకాణాల్లో వేరే రకం డబ్బాలు ఉంటాయని ఆశ. ఆలంపూరు చూసినట్టు ఉంటుందని అక్కా నేనూ వెంటపడ్డాం. వచ్చేటప్పుడు ఏటి ఒడ్డున సుంకం నాకాలో మమ్మల్ని ఆపారు. నాకేదారు మూటలు విప్పించి, ప్రతి డబ్బా మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, తలకిందులు చేసి చూశాడు. ఏమీ రాలలేదు.

"మాల్ ఏది?" అన్నాడు.

"లేదు సాబ్, ఖాళీ డబ్బాలే."

"ఖాళీవి ఎందుకు?"

"చూసెటందుకు సాబ్" అన్నాడు బావ.

నాకేదారు కొంచెంసేపు మా ముగ్గురు మగవాళ్ళ మొహాలు చూశాడు. తర్వాత బల్ల కింద నుంచి ఒక గుండ్రటి సిగరెట్ డబ్బా తీసి, మీసాల సైనికుడి బొమ్మ ఉంది దాని మీద, ఇది ఎట్లా ఉందని అడిగాడు. వాళ్ళు ముగ్గురూ దాని మీద పడ్డారు. నారాయణపేటాయన తన కట్టుబాటు ఆయనకు వివరంగా చెప్పాడు. చివరికి నాకేదారు డబ్బా మాకిచ్చి, మూత తన దగ్గర పెట్టుకొని, మమ్మల్ని పొమ్మన్నాడు. అక్కా నేనూ వెనక్కి తిరిగి చూడకుండా అడుగులు వేశాం. బావ మాత్రం దారి పొడుగునా ఆలంపూరులో కూడా ఒక మూత అయిందని లెక్క వేసుకుంటూ నడిచాడు.

ఇక బీరు డబ్బా సంగతి. నారాయణపేటాయన బంధువొకడు సికింద్రాబాదులో పల్టన్లో సిపాయిగా ఉండేవాడు, వాడి దగ్గర నుంచి వచ్చింది. పొట్ట డబ్బాది, మెడ సీసాది. మా వైపు ఎవరూ అటువంటిది చూసి ఉండలేదు. దాని మూత బొట్టుబిళ్ళంత రేకు ముక్క, అంచంతా మడతలు. నారాయణపేటాయన డబ్బా బావకు ఇచ్చి, ఆ బిళ్ళ రొండిన దోపుకున్నాడు. మిషన్ బంగ్లా బట్లరు ఇంట్లో బీరు డబ్బా! డాక్టరమ్మ ఒకరోజు పలక చూడ్డానికి వచ్చి, దాని మెడ పట్టుకొని వాసన చూసి, ఇదేమిటని అడిగింది. బావ అబద్ధం చెప్పలేదు. "ఇంకొకరు తాగిందమ్మా. నేను సూసుడే" అన్నాడు. ఆమె పెదవి బిగించి దాన్ని మళ్ళీ పలక మీద పెట్టింది, బొమ్మ గోడవైపు తిప్పి. ఆమె పోగానే బావ ఇటు తిప్పాడు.

తర్వాతి ఏడు ఆ మూత కోసం నారాయణపేట పోవాల్సింది. పోవడం కాలేదు. రజాకార్ల గడబిడ మొదలైంది, బస్సులు కొన్ని రోజులు నడిచేవి, కొన్ని రోజులు లేదు. నారాయణపేటాయన పెళ్ళాం పిల్లలను తీసుకొని షోలాపురం వైపు పోయాడని ఒకరు, పోతుండగా దారిలో ఏదో అయిందని ఇంకొకరు చెప్పారు. బావ రోజూ అడ్డాకు పోయేవాడు. వచ్చిన బస్సుల వాళ్ళను అడిగేవాడు. ఇంటికి వచ్చి పలక ముందు నిలబడేవాడు, మళ్ళీ వాకిట్లోకి, మళ్ళీ అడ్డాకు. ఆయన అట్లా తిరుగుతుంటే నాకూ చేతిలో పని నిలిచేది కాదు. దవాఖానలో గుడ్డ పట్టీలు చుట్టి, చుట్టినవే మళ్ళీ విప్పి చుట్టేదాన్ని.

ఆ రోజుల్లో దీపాలకు పోసే గ్యాసునూనె దొరకడం గగనం. అక్కకు ఎక్కడో సీసాడు దొరికింది. పోయడానికి ఏమీ కనబడక, మెడ సన్నగా ఉందని ఆ బీరు డబ్బాలో పోసి, బెండు ముక్క చెక్కి బిరడా బిగించింది. ఇంట్లో ఎవరైనా చేసే పనే అది. అడ్డా నుంచి వచ్చిన బావ పలక చూసి అక్కడే నిలిచిపోయాడు. ఆయన కదలకుండా నిలబడడం చూసి నాకే భయమేసింది. అక్క మీద ఎన్నడూ గొంతు లేపని మనిషి, ఆ రోజూ లేపలేదు.

"మూత ఎందుకు వెట్టినవే?" అన్నాడు. "నేను పోలేకపోతిని, ఇగ ఆయనే తేవాలె. మూత పడ్డంక ఆయన ఎందుకొస్తడు?"

బావ ఆ బెండు పీకి, నూనె అంతా చిన్న కుండలోకి వంచి, డబ్బాను కుంకుడు నురగతో కడిగాడు. ఎండలో పెట్టాడు. వాసన పోలేదని మళ్ళీ కడిగాడు. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది. నాకు కోపం వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతుంటే ఒక డబ్బా కోసం ఇంత రాద్ధాంతమా అని పైకే అన్నాను. బావ తడి డబ్బాను తువ్వాలతో తుడిచాడు. నోరు తెరిచిన ఆ డబ్బాను తెచ్చి దాని జాగాలో పెట్టాడు.

నిజాం పాలన పోయింది, బస్సులు మళ్ళీ తిరిగాయి. మొదటి బస్సుకే బావ నారాయణపేట పోయివచ్చాడు. ఇంటికి తాళం ఉందని, మగ్గం గుంటలో ఆకులు పడి ఉన్నాయని చెప్పాడు. పలక మీది డబ్బాను మాత్రం తియ్యలేదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం నారాయణపేటాయన వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది, భుజాన చీరల మూట లేదు. షోలాపురంలో ఎవరి మగ్గం మీదనో కూలికి నేశాడట. ఇల్లు విడిచిన రోజు నేసిన చీరలు, బిందెలు, డబ్బాలు అన్నీ వదిలి పెళ్ళాం పిల్లలను నడిపించుకుంటూ పోయాడట. ఇదంతా తర్వాత మాకు తెలిసింది. ఆ మధ్యాహ్నం బావ వాటిలో ఒక్కటి అడగలేదు. వాకిట్లోకి ఎదురుపోయి, "మూత తెచ్చినవా తమ్మీ?" అన్నాడు.

నారాయణపేటాయన రొండిన చెయ్యి పెట్టి ఆ రేకు బిళ్ళ తీశాడు. చెమటకు దాని రంగంతా పోయింది. "గిదొక్కటే తెచ్చినన్నా" అన్నాడు.

ఇద్దరూ లోపలికి వచ్చారు. అక్క పళ్ళెం పెట్టింది, ఆయన తిన్నాడు, ఆ పూట బావ కూడా పక్కన కూర్చొని తిన్నాడు. తిన్నాక బిళ్ళను డబ్బా మెడకు అదిమి పెట్టారు. మూత పడగానే బావకు కాలు నిలవలేదు, లేచి పలక దగ్గరికి పోయి గులాబీల చాయపత్తి డబ్బా తీశాడు. మూత ఊడదీసి పలక మీద పెట్టి, డబ్బాను నారాయణపేటాయన చేతిలో పెట్టాడు. అప్పుడుగాని ఆ మనిషి ఏడవలేదు. ఒక డబ్బా కోసం ఇంత రాద్ధాంతమా అన్న నేనూ ఏడ్చాను.

ఆ దోస్తులిద్దరూ బావకంటే ముందే పోయారు. నన్ను మాత్రం బావ ఎన్నడూ తమలో కలుపుకోలేదు. వెక్కిరించే నోటికి డబ్బా ఎందుకనేవాడు. మొన్న ఈస్టరుకు పోయినప్పుడు ఏమనుకున్నాడో, నేను బయలుదేరుతుంటే హంసల డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టాడు. మూత ఏదని అడిగాను. "మల్లొచ్చినప్పుడు" అన్నాడు. బస్సు కదిలేదాకా అడ్డాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

పాలమూరులో సమాధి అయ్యాక చుట్టాలందరూ వెళ్ళారు. నేను ఇంకా కొన్ని రోజులుండి బయలుదేరే పూట, పలక దగ్గరికి పోయి నా మూత అందుకున్నాను. అక్క వెనక నుంచి వచ్చింది. ఉప్పుకు డబ్బా దక్కలేదని జన్మంతా ఆ పలకను తిట్టిన మనిషి, నా చేతిలో నుంచి మూత తీసుకొని కొంగుతో తుడిచి, మళ్ళీ పలక మీదే పెట్టింది.

"ఇప్పుడియ్య" అంది. "మల్లొచ్చినప్పుడు అన్నం దిని తీస్కపో."

నేను అడ్డాకు వచ్చి నల్లగొండ బస్సెక్కాను. ఇప్పుడు హంసల డబ్బా మా కిటికీలో నోరు తెరుచుకొని ఉంది. దాని పక్కగా పోయినప్పుడల్లా నా అరికాళ్ళు దురద పెడుతున్నాయి.